నీవు, మీరు, మనము : విద్యాప్రాంగణమున మర్యాదా వ్యాకరణము

భిన్నప్రాంతములనుండి వచ్చిన భిన్నభాషీయులు ఒక్కచోట నివసించి చదువుకొను కేంద్రీయ విశ్వవిద్యాలయములలో, ఒకరి మాట మఱియొకరికి ఎట్లు అందుచున్నదను ప్రశ్న పరిపాలకులకు మాత్రమే సంబంధించినది కాదు. అది భాషాశాస్త్రమునకును, భాషాబోధనకును సంబంధించిన ప్రశ్న. ఈ ప్రశ్నకు సామాన్యముగా వచ్చు సమాధానము శబ్దసంపదను గూర్చినది. కొన్నివందల మాటలును, నిత్యావసరమైన కొన్ని వాక్యములును నేర్చినచో క్రొత్త ప్రాంతమున కాలము గడపవచ్చునని పలువురు తలంతురు. అంగడిలో ఇది నిజమే. తరగతిలోను, వసతిగృహములోను, ఆచార్యుని గదిలోను ఇది చాలదు.

ఏలయన, భాషలో జరుగు దోషములు రెండు విధములు. పరభాషీయుడు ‘చింతపండు’ అనుటకు ‘చింతచెట్టు’ అన్నచో వినువాడు నవ్వి సవరించును. దోషమును భాషకు ఆరోపించును గాని మనిషికి ఆరోపింపడు. అదే పరభాషీయుడు ‘మీరు’ అనవలసినచోట ‘నువ్వు’ అన్నచో వినువాడు నవ్వడు, సవరింపడు. మనసులో నొచ్చుకొని ఊరకుండును. దోషమును అప్పుడు భాషకుగాక స్వభావమునకు ఆరోపించును. “ఇతనికి తెలుగు రాదు” అనుటకు బదులు “ఇతనికి మర్యాద తెలియదు” అనుకొనును. గౌరవమును, సాన్నిహిత్యమును సూచించు వ్యాకరణమును మనము బడిలో నేర్వలేదు; తల్లి ఒడిలో నేర్చితిమి. అందుచేత అది మనకు వ్యాకరణముగా గాక సౌజన్యముగా తోచును. బహుభాషా ప్రాంగణమున కలుగు అపార్థములలో అధికభాగమునకు ఇదియే మూలమని చూపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. మధ్యమపురుషము

రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అను పండితులు 1960లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున, ఐరోపా భాషలలోని మధ్యమపురుష సర్వనామముల ప్రయోగమును అధికారము, సాన్నిహిత్యము అను రెండు సూత్రములు నడపుచున్నవని ప్రతిపాదించిరి. భారతీయ భాషలకును ఈ సూత్రములు వర్తించును. కాని ఒక్కొక్క భాష ఆ రెంటిని ఒక్కొక్క కొలతతో పంచుకొన్నది.

తెలుగున ఏకవచనమున ‘నీవు’ (వ్యవహారమున ‘నువ్వు’), గౌరవమున ‘మీరు’ కలవు. హిందీలో ‘తూ’, ‘తుమ్’, ‘ఆప్’ అని మూడు మెట్లు కలవు. వంగభాషలోను ‘తుయి’, ‘తుమి’, ‘ఆపని’ అని మూడు కలవు. ఆంగ్లమున నేటి వ్యవహారములో ఒక్కటియే. మూడు మెట్ల భాషనుండి రెండు మెట్ల భాషకు వచ్చువానికిని, రెండు మెట్ల భాషనుండి మూడు మెట్ల భాషకు పోవువానికిని అడుగు తడబడుట సహజము. తెలుగు విద్యార్థి హిందీ మాటాడునపుడు తన ‘నువ్వు’ను ‘తుమ్’గా మార్చుకొనును. అయితే తెలుగు ‘నువ్వు’ హిందీలోని క్రింది రెండు మెట్లను ఆవరించియున్నది. ప్రాణస్నేహితునితో ‘తూ’ అనవలసిన చనవును అతడు ‘తుమ్’తో ముగించును. లక్నో వంటి నగరములనుండి వచ్చిన సహాధ్యాయి తనను ‘ఆప్’ అని పిలిచినపుడు, ఇతడు నన్ను దూరముంచుచున్నాడని భ్రమపడును. ఆ నగరముల పాతకుటుంబములలో పిల్లలతో సైతము ‘ఆప్’ అనుట మన్నన యని అతడెఱుగడు.

పొరుగుభాష మఱింత మోసకారి. కన్నడమున ఏకవచనము ‘నీను’, బహువచనమును గౌరవవచనమును ‘నీవు’. తెలుగున ‘నీవు’ ఏకవచనము. రూపము ఒక్కటియే, విలువ తలక్రిందులు. మైసూరునుండి వచ్చిన విద్యార్థి తెలుగు ఆచార్యుని ‘నీవు’ అన్నచో, అతడు తన భాషలోని గౌరవమునే వినయముతో సమర్పించుచున్నాడు. అందుకొనువానికి మాత్రము అది అవినయముగా చేరుచున్నది. ఇచట దోషి లేడు. రెండు వ్యాకరణములు మాత్రమే కలవు.

మలయాళీల పద్ధతి వేఱు. వారి ‘నింగళ్’ రూపమున తెలుగు ‘మీరు’ వంటిదే అయినను, పెద్దలయెడ దానిని వాడుట వారికి సమ్మతము కాదు. పెద్దలతో మాటాడునపుడు సర్వనామమునే తప్పించి ‘సార్’, ‘టీచర్’, ‘చేట్టన్’, ‘చేచ్చి’ వంటి పదములను దాని స్థానమున నిలుపుదురు. ఆ అలవాటుతో తెలుగు నేర్చినవాడు “మీరు ఎప్పుడు వచ్చారు?” అనుటకు బదులు “సార్ ఎప్పుడు వచ్చారు?” అని ఎదుటనున్న సారునే అడుగును. వినువాడు మూడవ మనిషిని గూర్చి అడుగుచున్నాడేమోయని వెనుదిరిగి చూచుట వింతగాదు.

పరభాషలవఱకు పోనక్కఱలేదు. తెలుగులోనే ఈ భేదము కలదు. గోదావరి మండలములలో వాక్యాంతమున ‘అండి’ చేరనిది మాట ముగియదు. తెలంగాణమునను, రాయలసీమయందును పెక్కు కుటుంబములలో తల్లిదండ్రులను, తాతలను ‘నువ్వు’ అనియే పిలుతురు. ఆ పిలుపులో ప్రేమయేగాని అగౌరవము లేదు. ఈ రెండు సంప్రదాయములవారును ఒకే ప్రాంగణమున చేరినపుడు, ‘అండి’ లేని మాట మొదటివారికి మొఱటుగాను, ‘అండి’ గల మాట రెండవవారికి కృత్రిమముగాను వినిపించును. పలుకుబడి గలవారి యాసయే మర్యాదకు ప్రమాణమని పాఠ్యపుస్తకములును, చలనచిత్రములును చిరకాలము చాటుచు వచ్చినవి. తమ ఇంటిమాటను మొఱటని ఇతరులు నవ్వగా కలిగిన నొప్పి 2014లో తెలంగాణ రాష్ట్రావతరణమునకు దారితీసిన ఉద్యమమున బహిరంగముగా పలికినది. సర్వనామము చిన్నమాట; అది మోసిన బరువు చిన్నది కాదు.

2. ప్రథమపురుషము

ఎదుటనున్నవానిని పిలుచుటకు రెండు మెట్లే యున్నను, ఎదుట లేనివానిని గూర్చి చెప్పుటకు తెలుగున మెట్లు అధికము: వాడు, అతడు, ఆయన, వారు. స్త్రీలవిషయమున అది, ఆమె, ఆవిడ, వారు. ఇందు పరభాషీయుని అధికముగా చిక్కుపఱచునది స్త్రీవాచకముతో చేరు క్రియ. తెలుగున స్త్రీవాచక ఏకవచనమునకును, పశుపక్ష్యాదులకును, జడవస్తువులకును క్రియారూపమొక్కటియే: “ఆమె వచ్చింది”, “ఆవు వచ్చింది”, “బండి వచ్చింది”. హిందీవానికి స్త్రీపుంలింగభేదము క్రియలో స్పష్టముగా ఉండుటచే అతడు “మేడమ్ వచ్చింది” అని నిస్సంకోచముగా పలుకును. వ్యాకరణరీత్యా అది శుద్ధము. కాని కొన్ని ప్రాంతములవారికి ఆ మాట ఉపాధ్యాయినియెడ అగౌరవముగా వినిపించును. వారికి “మేడమ్ వచ్చారు” అనియే యుండవలెను. వ్యాకరణశుద్ధి వేఱు, వ్యవహారశుద్ధి వేఱు అని చూపుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకుట కష్టము.

ఈ సందర్భముననే ఒక అప్రియవిషయమును చెప్పవలసియున్నది. మర్యాదా వ్యాకరణము వయస్సును, విద్యను మాత్రమే కొలుచుటలేదు. తెలుగు గ్రామములలో కులమును అది తరతరములుగా కొలిచినది. అగ్రకులపు బాలుడు వృద్ధుడైన దళితుని ‘ఒరే’ యనియు, ఆ వృద్ధుడు బాలుని ‘అయ్యా’ యనియు పిలిచిన కాలము సుదూరము కాదు. ఆ అలవాటు రూపుమార్చి ప్రాంగణమున ప్రవేశించుట కలదు. ఆచార్యునితో ‘మీరు’ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి, మెస్సులో వడ్డించు అఱువదియేండ్ల మనిషిని ‘నువ్వు’ అనును. తాను ఎంచుకొనుచున్నట్లు అతనికి తోచను గూడ తోచదు. క్రొత్తగా తెలుగు నేర్చుకొను పరభాషీయుడు తన చుట్టునున్నవారి మాటనుండియే నేర్చును. కనుక మనము అతనికి భాషతోపాటు ఈ అసమానతను గూడ బోధించుచున్నాము. సంస్కృతిని గౌరవించుట యనగా అందలి ప్రతి ఆచారమును నిలుపుట కాదు. భిన్నుల కలయిక మన అలవాటును మనకు చూపునపుడు దానిని దిద్దుకొనుటయు విద్యయే. వయసువచ్చిన ప్రతి అపరిచితునికి, అతని వృత్తి యేదైనను, ‘మీరు’ అను నియమము క్రొత్తవారికి నేర్పుట సులభము. పాతవారు నేర్చుకొనుట అవశ్యము.

3. మేము – మనము

ఉత్తమపురుష బహువచనమున తెలుగు రెండు రూపములను నిలుపుకొన్నది: వినువానిని చేర్చుకొనునది ‘మనము’, చేర్చుకొననిది ‘మేము’. తమిళమున ‘నాం’, ‘నాంగళ్’, మలయాళమున ‘నమ్మళ్’, ‘ఞంగళ్’ ఇట్టివే. ఆర్యభాషలైన మరాఠీ, గుజరాతీలలోను ఈ భేదము కలదు. ద్రావిడభాషయేయైన కన్నడమున నేటి వ్యవహారములో ఇది లేదు. హిందీ, వంగము, ఆంగ్లములలోను లేదు. భాషాకుటుంబపు సరిహద్దును దాటి వ్యాపించిన ఇట్టి లక్షణములను దృష్టియందుంచుకొనియే ఎమెనో 1956లో భారతదేశమును ఒక భాషామండలముగా భావింపవలెనని వాదించెను.

ఈ భేదము లేని భాషనుండి వచ్చినవాడు ‘మేము’ అను రూపమునే మొదట నేర్చుకొని అన్నిచోట్లను దానినే వాడును. సాయంకాలము మిత్రుని గదికి వచ్చి “మేము భోజనానికి వెళ్తున్నాం” అనును. “నీవును రమ్ము” అని అతని భావము. “నీవు గాక మేము” అని వాక్యార్థము. తెలుగు మిత్రుడు “సరే, వెళ్ళి రండి” అని పుస్తకము తెఱచుకొనును. పిలిచినవాడు ఇతనికి నాతో వచ్చుట ఇష్టము లేదనియు, పిలుపందనివాడు నన్ను వెలివేసిరనియు అనుకొందురు. ఒక్క అక్షరముతో ఇరువురును ఒంటరులగుదురు.

‘మన’ అను పదమునకు ఇంకొక ముఖము కలదు. “మన ఊరు”, “మన విశ్వవిద్యాలయము” అనునపుడు అది క్రొత్తవానికి చోటిచ్చు పదము. “మనవాడేనా?” అనునపుడు అదే పదము గిరిగీయు పదమగును. ఆ ప్రశ్న కొన్నిచోట్ల ప్రాంతమును, పెక్కుచోట్ల కులమును విచారించునని తెలుగువారికి చెప్పనక్కఱలేదు. చేర్చుకొనుటకై పుట్టిన సర్వనామము వేఱుచేయుటకు పనిచేయుట విచారింపదగిన విషయము.

4. బంధువాచకములు

అపరిచితుని బంధువాచకముతో పిలుచుట భారతీయభాషలకు సాధారణము. తెలుగు విద్యార్థి పైతరగతివారిని ‘అన్నా’, ‘అక్కా’ అనును. వంగదేశమున పేరునకు ‘దా’, ‘ది’ అని చేర్తురు. అవి ‘దాదా’, ‘దీది’లకు సంక్షిప్తరూపములు. 1921లో స్థాపింపబడి 1951లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన విశ్వభారతిలో ఆచార్యులను సైతము ఇట్లు పిలుచు సంప్రదాయము ప్రసిద్ధము. రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి మున్నగు తెలుగువారు శాంతినికేతనమున ఈ వాతావరణమును చవిచూచినవారే. గురువును ‘అన్నా’ అనుట తెలుగుచెవికి చనవుగా తోచును. వంగీయునికి అది గౌరవమే.

బంధువాచకముల వెనుక బంధుత్వవ్యవస్థ యున్నది. 1953లో ఇరావతీ కార్వే భారతదేశపు బంధుత్వవ్యవస్థను గూర్చియు, 1981లో థామస్ ట్రాట్‌మన్ ద్రావిడబంధుత్వమును గూర్చియు రచించిన గ్రంథములు ఈ విషయమున ప్రమాణములు. తెలుగున పెదతండ్రి, పినతండ్రి బిడ్డలును, తల్లి అక్కచెల్లెండ్ర బిడ్డలును అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. మేనమామ, మేనత్తల బిడ్డలు మాత్రము బావలు, మఱదండ్రు, వదినలు. హిందీలో వీరందఱును ‘భాయీ’, ‘బహన్’ అను మాటలలోనే ఇముడుదురు. అందుచేత తెలుగు స్నేహితుడు మేనమామ కూతును వివాహమాడుచున్నాడని వినినపుడు ఉత్తరదేశీయుడు ఉలికిపడును. అతని భాషలో ఆమె చెల్లెలు. తెలుగువాని భాషలో ఆమె ఎన్నడును చెల్లెలు కాదు. 1955 నాటి హిందూవివాహచట్టము నిషిద్ధబంధుత్వములలో వివాహమును వారించుచునే, ఇరుపక్షముల ఆచారము అనుమతించినచో మినహాయింపునిచ్చినది. చట్టమే ఈ భేదమును గుర్తించియుండగా, ఇరువురు మిత్రులు దానిని వాదవివాదము లేక గుర్తించుట కష్టము కారాదు.

హాస్యమునను ఇట్టి చిక్కు కలదు. తెలుగు యువకులు పరస్పరము ‘బావా’ అనియు, ‘బామ్మర్దీ’ అనియు పిలుచుకొనుట చెలిమికి గుర్తు. భార్యసోదరుని తెలుపు హిందీపదమగు ‘సాలా’ తిట్టుగా మాఱినది. సంబంధమొక్కటియే, ఒకచోట అది వేళాకోళము, మఱియొకచోట కలహకారణము.

5. ఇంటిపేరు

తెలుగువారి పేరున ఇంటిపేరు ముందు, పెట్టినపేరు తరువాత వచ్చును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకును, తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకును ఉపాధ్యక్షులుగానుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరున ‘సర్వేపల్లి’ ఇంటిపేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రథమ ఉపాధ్యక్షులగు కట్టమంచి రామలింగారెడ్డి లోకమున ‘సి. ఆర్. రెడ్డి’గా ప్రసిద్ధులు. వారి ఇంటిపేరు ‘కట్టమంచి’. ‘రెడ్డి’ ఇంటిపేరు కాదు. పాములపర్తి వేంకట నరసింహారావు ప్రధానమంత్రిగానున్న కాలమున విదేశపత్రికలు వారిని ‘రావు’ అని వ్రాసినవి. ఆ పదము పేరుచివఱి గౌరవవాచకమేగాని వంశనామము కాదు. తమిళులలో పెక్కుమందికి ఇంటిపేరే లేదు. తండ్రిపేరి మొదటి అక్షరమే కలదు.

ఇట్టివారందఱును ‘మొదటి పేరు’, ‘చివఱి పేరు’ అను రెండు గడులుగల దరఖాస్తును నింపవలసివచ్చినపుడు, ఒకే విద్యార్థి పేరు ప్రవేశపత్రమున ఒకవిధముగను, పట్టాలో మఱియొకవిధముగను, పాస్‌పోర్టులో వేఱొకవిధముగను నమోదగుట జరుగుచుండును. దానిని సరిదిద్దుకొను శ్రమ విద్యార్థిపై పడును. ఇంతకన్న సూక్ష్మమైన బాధ ఇంకొకటి కలదు. ఇంటిపేరు తెలియుట తెలుగుదేశమున పలుమాఱు కులము తెలియుటయే. పరదేశీయుడు పరిచయవేళ “మీ ఇంటిపేరేమి?” అని అడుగుట అమాయకమైన ప్రశ్న. తోటి తెలుగువాడు అదే ప్రశ్నను అదే స్వరమున అడిగినను, అడుగబడినవానికి అది అమాయకముగా వినిపింపదు.

6. వీడ్కోలు, కృతజ్ఞత

తెలుగువాడు సెలవు తీసికొనునపుడు ‘వెళ్తాను’ అనడు, ‘వెళ్ళొస్తాను’ అనును. తమిళ, కన్నడ, మలయాళములలోను పోయి వత్తునను అర్థమిచ్చు మాటలే వాడుక. వంగీయుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, పోవుచు ‘ఆశి’, అనగా ‘వచ్చెదను’, అనును. ఈ మర్మము తెలియని విదేశవిద్యార్థి ‘వెళ్ళొస్తాను’ అన్న మిత్రునికై రాత్రి చాలసేపు ఎదురుచూచినను ఆశ్చర్యపడవలసినది లేదు.

కృతజ్ఞతావిషయమున దీనికి విపరీతము. ‘ధన్యవాదములు’ తెలుగున సభలకు తగిన మాట. ఇంటిలో అన్నము వడ్డించిన తల్లికి, పుస్తకమిచ్చిన స్నేహితునికి దానిని చెప్పుట దూరము పెట్టుటయే. మాట లేకపోయినంతమాత్రమున కృతజ్ఞత లేదని ఆంగ్లసంప్రదాయములో పెరిగినవాడు తలంచుట పొరపాటు. మాటిమాటికి కృతజ్ఞత చెప్పువానిని కపటియని మనము తలంచుటయు పొరపాటే. “అర్థము కాలేదా?” అను ఉపాధ్యాయుని ప్రశ్నకు ‘అవును’ అని తలయూపు విద్యార్థి అర్థము కాలేదని ఒప్పుకొనుచున్నాడు. ఆంగ్లపద్ధతికి అలవాటుపడిన ఉపాధ్యాయుడు అర్థమైనదని గ్రహించి ముందుకు సాగును. ఇచట నష్టపోవునది మర్యాద కాదు, పాఠమే.

7. బోధనకు కొన్ని సూచనలు

ప్రాంగణములు ఈ చిక్కులకు తామే ఒక ఉపాయమును కనుగొన్నవి: అందఱిని ‘సర్’, ‘మేడమ్’ అనుట. ఇది ఎండవానలకు ఆశ్రయమిచ్చు చావడి వంటిది. తాత్కాలికముగా మేలు, అచట కాపురము చేయలేము. ఆ పదములు అపచారమును తప్పించునేగాని చెలిమిని కల్పింపవు.

కావున పరభాషీయులకు తెలుగు బోధించువారు వర్ణమాలతోపాటు మొదటి వారముననే సంబోధనపాఠమును చెప్పవలెను. ‘మీరు’తో ఆరంభింపుడని, ‘నువ్వు’ను ఎదుటివారు ఇచ్చినపుడు పుచ్చుకొనుడని చెప్పుట క్షేమకరము. ‘మేము’కంటె ముందుగా ‘మనము’ను నేర్పవలెను, ఆ రూపమున పొరపాటు జరిగినను అది చేర్చుకొనుటవైపు జరుగును. అభ్యాసమునకై విద్యార్థులచేత తమతమ భాషలలోని సర్వనామములను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాయించినచో, తనకు మర్యాదగా తోచినది ఇతరునికి కొలతలలో ఒకటి మాత్రమేయని ప్రతివాడును స్వయముగా గ్రహించును. ఈ పాఠము పరభాషీయులకు మాత్రమే ఉద్దేశింపరాదు. తెలుగు విద్యార్థులును, కార్యాలయోద్యోగులును దానిలో కూర్చుండవలెను. వచ్చినవాడే నేర్చుకొనవలెను, ఉన్నవాడు తీర్పు చెప్పవలెను అను విభాగము న్యాయము కాదు.

పలుకు నొప్పించినపుడు అది మనిషి దోషమో వ్యాకరణదోషమో విచారించి తెలిసికొను ఓర్పు, ఒక్క ప్రశ్నతో సిద్ధించును: “మీ భాషలో దీనిని ఎట్లందురు?” ఆ ప్రశ్న అడిగినచోట కోపము పాఠముగా మాఱును. భిన్నభాషలవారిని ఒక్కచోట చేర్చిన విశ్వవిద్యాలయమునకు ఆ ప్రశ్నను అలవాటు చేయుట పాఠ్యప్రణాళికలోని భాగమే కావలెను.